గాజువాకలో ఆడని జపాను బొమ్మలు

మొన్న శ్రావణంలో సింహాచలం అన్నయ్య పోయాడు. పదకొండో రోజుకి గాజువాక వెళ్ళాను. ఒకప్పుడు ఆ వీధిలో ఏ డాబా మీద చూసినా అతను లాగిన కేబుల్ తీగలే ఉండేవి. ఇప్పుడు ఒక్క తీగా లేదు. వాళ్ళ మేడ మీద పెద్ద డిష్షు మాత్రం తుప్పు పట్టి అలాగే ఉంది, మనవలు అందులో పావురాలకి గింజలు పోస్తున్నారు. భోజనాలయ్యాక లక్ష్మొదిన నా పక్కన చాప మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. "నువ్వా గదిలో మైకు ముందర కూకుని మాటాడతంటే నాను వంటింట్లోంచి ఇనీదాన్ని. మీ అన్నయ్యకి ఆకరి రోజుల్లో ఏటీ గురుతు లేదు గానీ, ఆ జపాను ముసిల్దాని మాటలు మాత్రం సెప్పీవోడమ్మా" అంది. ఏడుపొస్తుందనుకున్నాను గానీ ఇద్దరం నవ్వేశాం.

పిల్లల కార్టూన్లకి తెలుగు మాటలు రాయడం నా వృత్తి. జుట్టు నెరిసే దాకా అదే చేశాను. ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు ఒకే ప్రశ్న అడుగుతారు: జపానులో ఇంటింటా చూసే కార్టూన్లు కొన్ని బయటి దేశాల్లో ఎందుకు ఆడవండీ అని. ఆ దేశం ఎల్ల దాటగానే కొన్ని పరుగులు తీస్తాయి, కొన్ని గుమ్మంలోనే చతికిలబడతాయి. దీని మీద పెద్ద పెద్ద వాళ్ళు పెద్ద పెద్ద మాటలు చెప్పగా విన్నాను. నాకు మాత్రం జవాబు గాజువాకలో, సింహాచలం అన్నయ్య ఇంటి వెనక రేకుల గదిలో, ఇంటర్ లెక్కలు తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాదిలోనే దొరికింది. ఆ తరవాత నేర్చుకున్నదంతా దానికి కొసరు.

మేము ఉక్కునగరంలో ఉండేవాళ్ళం. నాన్నది తణుకు పక్క పల్లెటూరు. ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర ఉద్యోగం వచ్చి, నాయనమ్మనీ అమ్మనీ వెంటబెట్టుకుని విశాఖ వచ్చేశాడు. ఆ క్వార్టర్లలో గడియారం కన్నా షిఫ్టు పెద్దది. ఏ-షిఫ్టు వారం తెల్లారకుండానే ఇంట్లో తిరగమోత వాసన వచ్చేది, రెండింటికల్లా నాన్న వచ్చేసేవాడు. బి-షిఫ్టు వారం ఇల్లంతా సాయంత్రాలు ఆడవాళ్ళ రాజ్యం. సి-షిఫ్టు వారం మాత్రం పగలు ఇంట్లో ఎవరూ గొంతు పెంచకూడదు. పొద్దున్నే వచ్చి, బాల్చీడు వేణ్ణీళ్ళు పోసుకున్నా ఒంటి మీంచి పోని ఆ బొగ్గూ తారూ కలిసిన వాసనతో నాన్న ముందు గదిలో చాప మీద పడి నిద్రపోయేవాడు. టీవీ ఉన్నది కూడా ఆ గదిలోనే. అమ్మ కుక్కర్ బరువు కూడా చేత్తో ఎత్తి పట్టుకుని ఆవిరి నెమ్మదిగా వదిలేది, కూత వెయ్యకుండా.

కానీ నాయనమ్మకి టీవీ లేకపోతే పొద్దు గడవదు. అందుకని గొంతు పూర్తిగా తగ్గించి బొమ్మ మాత్రం పెట్టేవాళ్ళం. "ఏవంటున్నాడే వాడు?" అని నాయనమ్మ నా చెవిలో అడిగేది. వాడేమంటున్నాడో నాకేం తెలుసు? అయినా చెప్పేదాన్ని. పెదాలు ఎంతసేపు కదిలితే అంతసేపు, గుసగుసగా. హిందీ సీరియల్లో అత్తగారు కోడలి మీద కేకలేస్తుంటే "నా పోపుల పెట్టె ఎక్కడ పెట్టావే" అని చెప్పేదాన్ని. నాయనమ్మ నోట్లో చెంగు కుక్కుకుని నవ్వేది. నచ్చకపోతే ఒప్పుకునేది కాదు. "అంత ఏడుస్తోంది, పోపుల పెట్టె కోసమా? సరిగ్గా చూసి చెప్పు" అనేది. మొహం చూసి మాట కట్టడం నాకు నేర్పింది ఆవిడే. చదువు రాని మనిషి. నా రాతలు దిద్దినవాళ్ళలో ఆవిడంత గట్టి మనిషిని మళ్ళీ చూడలేదు.

ఇంటర్ రెండో ఏడు లెక్కలు రెండుసార్లు తప్పాను. టైపు నేర్చుకుంటే ఎక్కడైనా చేరొచ్చని నాన్న, ముందు వంట నేర్చుకోమని అమ్మ. ఆ రోజుల్లో దిగాడు సత్యం మావయ్య. అమ్మకి తమ్ముడు. ఇనప ఖనిజం మోసే ఓడలో వంటవాడు. విశాఖ రేవులో ఎర్రమట్టి లాంటి ఆ రాయి నింపుకుని జపాను వెళ్ళడం, అక్కడ దింపి రావడం, అదీ వాళ్ళ పని. వచ్చినప్పుడల్లా ఘాటు వాసన సబ్బులూ, మడత గొడుగులూ తెచ్చేవాడు. ఆసారి మాత్రం ఒక సంచీడు వీడియో క్యాసెట్లు తెచ్చాడు. అట్టల మీద అన్నీ జపాను అక్షరాలు. రేవు దగ్గర పాత సామాన్ల కొట్లో దొరికాయట. కొట్టుముసలాయన వాటిని చూపించి రెండు చేతులూ బార్లా చాపాడట, దేశమంతా ఇవే చూస్తుందని. రెండు రకాల కథలు. ఒకదాని అట్టల మీద ఆకాశమంత ఇనప మనుషులు కత్తులు దూసి నిలబడ్డారు. రెండోదాని మీద ఒక చిన్నపిల్ల, ఒక ముసలమ్మ, మధ్యలో చెక్క పీపా. పీపా మూత మీద బండరాయి.

మావయ్యకి సింహాచలం అన్నయ్య జతగాడు. ఒకరినొకరు బావా అంటే బావా అనుకునేవారు. ఆ రోజుల్లో కేబుల్ పెట్టుకున్నవాళ్ళకి సింహాచలం అన్నయ్య సొంతంగా ఒక వీడియో ఛానల్ నడిపేవాడు. మధ్యాహ్నం ఒక సినిమా, సాయంత్రం ఒక సినిమా. పక్క వీధిలో ఇంకో కేబులాయన కొత్తగా వచ్చి, జనాన్ని తనవైపు లాక్కుంటున్నాడు. ఏదైనా కొత్తది వేస్తే గానీ నిలబడలేనని అన్నయ్యకి బెంగ. సంచి చూడగానే ఇనప మనుషుల మీద వాలిపోయాడు.

"బావా, ఇదిగో ఇదీ! పిల్లలు సచ్చిపోతారు సూసి. ముసిలమ్మా పీపా ఎవుడు సూత్తాడు?"

"మాట అర్థం కాదు కదా బావా."

"కొట్టుకోడానికి మాటెందుకెహె?"

ముందు ఆ క్యాసెట్లు మామూలు విసిఆర్లో ఆడనే లేదు. బొమ్మ పైకీ కిందకీ దొర్లిపోయింది, రంగులు రాలేదు. జపాను లెక్క వేరట. దుబాయి నుంచి వచ్చిన ఎవరిదో అన్ని దేశాల క్యాసెట్లూ ఆడే మిషను అడిగి తెచ్చాడు. ఏది మొదటి క్యాసెట్టో ఎవరికీ తెలీదు కనుక పై అట్ట బాగున్నది ముందు వేశాడు. సాయంత్రం అయిదున్నరకి. వారం రోజులు వేశాడు. ఆ టైములో పిల్లలంతా ట్యూషన్లో ఉంటారని అతనికి తట్టలేదు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు ఒక్కరోజు చూశారు, రెండోరోజు తిట్టారు. వీధిలో మా ఎదురుగానే రోలింగ్ మిల్లులో పనిచేసే ఒకాయన సైకిలాపి మరీ చెప్పాడు. "పొద్దత్తమానూ ఇనుంతోనే సేత్తన్నాం గదేటి. ఇంటికొచ్చి టీవీ పెడితే అందులోనూ ఇనుమేనా? ఆ బొమ్మలు ఎవుడు, ఎవుడ్ని, ఎందుకు కొడతన్నాడో తెలీదు. సినిమా ఎయ్యి సింహాచలం." ఆ శుక్రవారం సినిమాయే వేశాడు.

ముసలమ్మా పీపా కథ మా ఇంట్లో మిగిలిపోయింది. అది వెయ్యమని అడిగింది నేను కాదు, నాయనమ్మ. పండక్కి ఆ క్యాసెట్లు పట్టుకుని గాజువాక వాళ్ళింటికి భోజనానికి వెళితే, ఆ మిషన్లో పెట్టి చూపించాడు అన్నయ్య. నాయనమ్మకి ఒక్క చూపులోనే అర్థమైపోయింది. "అది ఊరగాయ పీపా. రాయి బరువు పెట్టింది చూడు, ముక్క అణగడానికి" అంది. పిల్ల పరిగెత్తుకొచ్చి ఏదో అంది, ముసలమ్మ ఏదో కసిరింది. "ఏవంటోందే?" అంది నాయనమ్మ, అలవాటుగా. నేను అలవాటుగా అందుకున్నాను. పిల్లకి చిట్టి అని పేరు పెట్టాను, ముసలమ్మకి అప్పలమ్మ. ఆ ఊరగాయ ఏమిటో తెలీదు గనక ముల్లంగి ఆవకాయ అన్నాను. లక్ష్మొదిన వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి పగలబడి నవ్వుతోంది. అన్నయ్య ఆవిణ్ణే చూస్తున్నాడు, టీవీని కాదు. "సెల్లెమ్మా, మైకు పెడతాను. ఇదే సెప్తావేటి?" అన్నాడు.

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం మూడింటికి. ఆడవాళ్ళకి వంట ముగిసి, ఏ-షిఫ్టు మగవాళ్ళు భోంచేసి ఒరిగే వేళ. రేకుల గదిలో వేడికి చెమట కారుతుండగా, జపాను గొంతులు సన్నగా తగ్గించి నేను మైకులో అందరి మాటలూ చెప్పేదాన్ని. ముసలమ్మ మాటలు నా గోదావరి యాసలో చెబితే అతకలేదు. లక్ష్మొదిన పక్కన కూర్చుని ముందే అనిపించేది. "ఎక్కడికెళ్తున్నావే అనకమ్మా. ఏటే, ఎక్కడికెల్తన్నావే అను." కథలో పిల్లలు ఆడుకునేది రేవు ఒడ్డున. ముసలమ్మ ఊరగాయలు అమ్మేది జాలర్ల వీధిలో. అందుకని ఆ భాష దానికి చొక్కాలా సరిపోయింది. పదిహేను రోజుల్లో గాజువాక ఆడవాళ్ళు ముల్లంగి ఆవకాయ ఎలా పెట్టాలని అన్నయ్యని అడగడం మొదలెట్టారు. పక్క కేబులాయన మా క్యాసెట్ల కోసం మనిషిని పంపాడు. చూసేది పిల్లలు కాదు, పెద్దవాళ్ళు. కార్టూనంటే పిల్లలదని మనం ముందే తీర్మానించేసి, పిల్లల వేళలో, పిల్లల గొంతుతో వేస్తాం. అది పెద్దల కథ అయితే రెండిందాలా చెడుతుంది. ఎన్ని సీరియళ్ళు అలా చెడ్డాయో నాకు తెలుసు.

నాకు పొగరెక్కిందని కూడా చెప్పాలి. అర్థం కాని చోటల్లా ఓ వెటకారం పడేసేదాన్ని, జనం నవ్వేవారు. ఒకరోజు కథలో చిట్టి అన్నం తింటూ తింటూ ఆటకి పరిగెత్తే తొందరలో తినే పుల్లలు రెండూ గిన్నెలో అన్నం మధ్య నిలువుగా గుచ్చి లేచిపోయింది. ఇంట్లో పెద్దవాళ్ళంతా కొయ్యబారిపోయారు. తల్లి పిల్ల చేతి మీద చెళ్ళున కొట్టింది. ముసలమ్మ మాట్లాడకుండా పుల్లలు తీసి, గోడకున్న ముసలాయన ఫోటో ముందు కూర్చుంది, చాలాసేపు. ఇంతసేపు మాటల్లేకుండా ఉంటే జనం ఛానల్ మార్చేస్తారని నాకు భయం. "అన్నం పలుకుందో లేదో పుల్ల గుచ్చి చూసిందండి, వంటకి వంకపెట్టిందని తల్లికి కోపం. ముసిల్ది ఎల్లి మొగుడికి సాడీలు సెప్తంది సూడండి" అన్నాను. బయట నించి నవ్వులు వినిపించాయి. లక్ష్మొదినా నవ్వింది.

ఆ వారమే ప్లాంటు క్యాంటీన్లో ఎవరో నాన్నని "టీవీలో మీ అమ్మాయేనటగా" అని అడిగారు. అప్పటిదాకా నాన్నకి తెలీదు. అమ్మ చెప్పలేదు, నేను చెప్పలేదు. ఆ సాయంత్రం నాన్న భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని అప్పుడన్నాడు. "సరదాకి మొదలెట్టావు, సరదా తీరింది. సోమవారం నించి టైపుకెళ్ళు." అరిస్తే ఎదురు చెప్పేదాన్నేమో. నాన్న అరవలేదు. నేను గదిలోకెళ్ళి గోడకి తిరిగి పడుకున్నాను. బతుకులో మొదటిసారి ఒక పని చేతనైందనిపించింది, అది రెండు మాటల్లో పోయింది.

సోమవారానికి ముందు, ఆదివారం నాడు, నాన్న ఒక జపాను ఆయన్ని ఇంటికి భోజనానికి తీసుకొచ్చాడు. మోరి గారని, ఏదో యంత్రం బిగించడానికి వచ్చి గెస్ట్‌హౌస్‌లో ఉంటున్నాడు. నాన్న గ్యాంగు ఆయన కింద పనిచేస్తోంది. సన్నగా, జుట్టు తెల్లబడి, మా నాన్న కన్నా మెత్తగా మాట్లాడే మనిషి. గెస్ట్‌హౌస్ టీవీలో తన పిల్లల చిన్నప్పటి కార్టూను తెలుగులో మోగుతుంటే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడట. మర్నాడు పనిలో నాన్నని, మాట్లాడే అమ్మాయి ఎవరని అడిగాడట. తెలీదనెయ్యొచ్చు నాన్న. "మై డాటర్" అన్నాడు. ఆ సంగతి తరవాత అమ్మతో చెప్పగా విన్నాను.

భోజనం అయ్యాక మోరి గారు నన్ను పిలిచి, మర్యాదగా తలవంచి, ముందు మెచ్చుకున్నాడు. ముసలమ్మ నీ గొంతులో కూడా ముసలమ్మే అన్నాడు. ఆ తరవాత కొంచెం ఇబ్బందిగా, "పుల్లల కథ... నాట్ జోక్" అన్నాడు. ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రం, నాన్నదీ అంతే. కాగితం అడిగి బొమ్మ గీశాడు. గిన్నెలో అన్నం, దాని మధ్య నిలువుగా రెండు పుల్లలు, వెనకాల ఒక మనిషి ఫోటో. ఫోటో మీద వేలు పెట్టి, "డెడ్. ఓన్లీ ఫర్ డెడ్" అన్నాడు. తరవాత పడవ గీశాడు, అలలు గీశాడు, పడవని కొట్టేశాడు. అప్పలమ్మ మొగుడు చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఒళ్ళు కూడా దొరకలేదు. ఆ పిల్ల తెలియక ఆ ముసలిదాని ఎదుట చనిపోయినవాళ్ళకి పెట్టే అన్నం పెట్టింది.

నాన్నా నేనూ ఇంకా బొమ్మే చూస్తున్నాం. గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్న నాయనమ్మ "పిండం కదే అది!" అంది. "అయ్యో, బతికున్నవాళ్ళింట్లో పిండం పెట్టినట్టయింది. ఆ తల్లి కొట్టదూ మరి? ఇంత మాట నువ్వు చెప్పి ఉంటే మాకు గుండె ఝల్లుమనేది. ఊరందర్నీ నవ్వించి పారేశావు." నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముక్కూ మొహం తెలియని దేశపు ముసలమ్మ దుఃఖాన్ని నేను ఎగతాళి చేశాను. అర్థం కాక చేశాను నిజమే, కానీ అర్థం కాలేదని ఒప్పుకోకుండా చేశాను.

"ఎలాగూ మానేస్తున్నా కదా" అన్నాను నాన్నతో, ఏడుపు గొంతుతో.

నాన్న ఆ కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "తప్పు చేసి షిఫ్టు దిగిపోతారా ఎవరైనా? రేపు వెళ్ళు. దిద్దు. ఆ తరవాత మానెయ్యి."

మర్నాడు మూడింటికి అదే క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాం. ముందుగా మైకులో, "మొన్న నేను చెప్పింది తప్పండి. సరిగ్గా చెబుతాను, ఇంకోసారి చూడండి" అన్నాను. అప్పలమ్మ మొగుడి పడవ సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. పుల్లలు గుచ్చిన చోట, "అది పోయినోళ్ళకి పెట్టే కూడు" అని ఒక్క మాట. తరవాత ముసలమ్మ ఫోటో ముందు కూర్చున్నంతసేపూ నేను నోరు తెరవలేదు. మైకులో ఫ్యాను చప్పుడొక్కటే వెళుతోంది. వెనక తలుపు తోసుకుని లక్ష్మొదిన వచ్చింది. ఆవిడది పూడిమడక వైపు వేటకెళ్ళే కుటుంబం అని తెలుసు గానీ తండ్రి ఎలా పోయాడో నేనెప్పుడూ అడగలేదు. తెర వైపే చూస్తూ, "మా అయ్యకీ ఒళ్ళు దొరకలేదమ్మా. గడ్డితో బొమ్మ సేసి దానికే కర్మ సేసేరు" అంది. అంతే అంది. ఆవిడ నవ్విన నవ్వు, మొన్నటిది, నాకు అప్పుడు గుచ్చుకుంది. ఆ సాయంత్రం వీధిలో నడిచి వస్తుంటే ఎవరూ ముల్లంగి ఆవకాయ గురించి అడగలేదు. అరుగు మీద కూర్చున్న ఒకావిడ మాత్రం, "రేపుంటాదా?" అంది.

రేపుంది. ఎల్లుండీ ఉంది. మానెయ్యమని నాన్న మళ్ళీ అనలేదు. మానెయ్యనని నేనూ అనలేదు. మోరి గారు వెళ్ళే లోపు తీరిక దొరికినప్పుడల్లా వచ్చి క్యాసెట్ల కథలు చెప్పేవాడు, నేను నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. ఇనప మనుషుల క్యాసెట్లకి కూడా వరస నంబర్లు వేసి ఇచ్చాడు. తీరా చూస్తే మేం మొదట వేసింది నాలుగోది! అది ఒకే తల్లి బిడ్డలు ఇద్దరు యుద్ధంలో చెరోవైపు పడిపోయిన కథ. ఎవరు, ఎవర్ని, ఎందుకు కొడుతున్నారన్నదే దాని ప్రాణం. నేను మాటలు కట్టి, మొదటి నించీ వరసగా మళ్ళీ వేశాం. ఆడలేదు. అదివరకు చూసినవాళ్ళు ఆ ఇనుము మళ్ళీ వచ్చిందేటని మార్చేశారు. అందుకే అన్నింటికీ మంచి అనువాదమే మందు అని నేను చెప్పను. గుమ్మంలో ఒకసారి తప్పుగా పరిచయమైన కథని ఏ ఊరూ రెండోసారి పిలిచి కూర్చోబెట్టదు.

లెక్కలు మూడోసారికి గట్టెక్కాయి. డిగ్రీ చదివాను. కొన్నేళ్ళకి పిల్లల ఛానళ్ళు తెలుగులో మాట్లాడడం మొదలెట్టినప్పుడు, మాటలు రాసే మనిషి కోసం వెతుకుతూ ఒక సంస్థ వాళ్ళు నన్ను పట్టుకున్నారు. అక్కడ మొదట్లోనే నా చేతికొచ్చింది ఒక బేస్‌బాల్ కథ. జపానులో ముసలీ ముతకా దాని కోసం పనులు మానుకుని చూశారట. పాత పల్లెటూరి బడి జట్టు, కోపిష్టి కోచ్, ఓడిపోయిన రోజున మైదానంలో మట్టి తీసి సంచిలో పోసుకునే పిల్లలు. రాస్తూ నేనే ఏడ్చాను. సంస్థ మేనేజరు కుర్రవాడు, తెలివైనవాడే, "మేడమ్, బేస్‌బాల్ మనవాళ్ళకి తెలీదు. క్రికెట్ అని రాసెయ్యండి" అన్నాడు.

"బొమ్మలో వికెట్లు లేవు కదండీ. పిల్లలకి కళ్ళు లేవా?"

"పిల్లలు అంత చూడరు మేడమ్."

"పిల్లలే చూస్తారు. ఆట తెలీకపోతే కోచ్ చేత రెండు మాటల్లో చెప్పిస్తాను. కొత్తగా చేరిన పిల్లాడికి ఆయన చెప్పే చోటు కథలోనే ఉంది."

వినలేదు. నన్ను కాదని ఇంకొకరి చేత క్రికెట్ రాయించారు. మట్టి తీసుకునే ఘట్టం నెమ్మదిగా ఉందని కోసేశారు. మొదటి భాగాల్లో ఆటే లేదని తొమ్మిదో భాగం నించి మొదలెట్టారు. మా అక్క కూతురు అప్పుడు ఆరో తరగతి. ఒక్క రోజు చూసి, "పిన్నీ, వీళ్ళకి క్రికెట్ రాదా? బ్యాట్ గుండ్రంగా ఉందేటి? కొట్టి పక్కకి పరిగెడతారేటి?" అని టీవీ కట్టేసి ఆడుకోవడానికి పోయింది. రెండు నెలల్లో ఆ సీరియల్ ఆపేశారు. మీటింగులో మేనేజరు ఒక్క ముక్కలో తేల్చాడు, మనవాళ్ళకి ఆటల కార్టూన్లు ఎక్కవని. నేను లేచి చెప్పాను. "మనవాళ్ళు ఆ కథ చూడలేదండీ. మీరు చూపించలేదు. జపాను వంట వండి, అందులోంచి ఉప్పూ పులుపూ తీసేసి, మన సాంబారు పోసి పెట్టారు. అది అక్కడిదీ కాదు, ఇక్కడిదీ కాదు. తినలేదని తినేవాళ్ళని తిడితే ఎలా?" ఉద్యోగం పోతుందనుకున్నాను. తరవాతి సీరియల్ నుంచి ఏది మార్చాలో, ఏది మార్చకూడదో చెప్పే పని నాకే ఇచ్చారు. అన్నీ ఆడాయని అనను. ఆడనివి ఎందుకు ఆడలేదో మాత్రం ప్రతిసారీ చెప్పగలిగాను.

అప్పటికీ ఇప్పటికీ తేడా చెప్పుకోవాలంటే, అప్పుడు ఒక కథ సముద్రం దాటాలంటే సత్యం మావయ్య సంచిలో పట్టాలి, దుబాయి మిషన్లో ఆడాలి, నాలాంటి దాని నోట్లో పడి బయటపడాలి. దారిలో సగం రాలిపోయేది. ఇప్పుడు మధురవాడ అపార్టుమెంట్లలో పిల్లలు ఫోన్లో జపాను గొంతులే వింటూ కింద అక్షరాలు చదువుకుంటున్నారు. అక్కడి పండగలు, అక్కడి తిళ్ళు, అక్కడి మర్యాదలు నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. అన్నంలో పుల్లలు గుచ్చకూడదని నాకు మోరి గారు చెప్పాలి, వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మొదట్లో కొంచెం కుళ్ళుకున్నాను కూడా, నా పని పోయిందని. కానీ వాళ్ళు చూసేది ఎవరి గదిలో వాళ్ళు. ఆ రోజుల్లో మూడింటికి గాజువాక వీధిలో నడిస్తే ఒకే ముసలమ్మ మాట ఇంటింటి కిటికీలోంచీ వినపడేది. ఒకే చోట నవ్వేవారు, తప్పు చోట నవ్వితే ఒకేసారి సిగ్గుపడ్డాం. అది ఇప్పుడు లేదు. ఉండాలని పట్టుబట్టను, లేదని మాత్రం చెబుతాను.

కిందటి నెల మధురవాడలో ఒక కాలేజీ వాళ్ళు బొమ్మల కథలు గీసే పిల్లలతో మాట్లాడమని పిలిచారు. మాట్లాడాక ఒక అమ్మాయి ఆగి, తన పుస్తకం చూపించింది. పేరు మౌనిక. వాళ్ళమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. కథ కూడా దాని గురించే. తెల్లారి రేవులో బేరం, షేర్ ఆటోలో గంప ఎక్కించనివ్వని డ్రైవరు, వాసనకి ముక్కు మూసుకునే జనం, అన్నీ గీసింది. గీత చూస్తే చెయ్యి తిరిగిన పిల్ల. మాటలు మాత్రం పాఠ్యపుస్తకంలోలా ఉన్నాయి. తల్లి బొమ్మ పక్కన "అమ్మాయీ, నీవు ఏమి చేయుచున్నావు?" అని రాసి ఉంది.

"జపానులో పోటీకి పంపుదామనుకుంటన్నాను మేడమ్. జపాను భాషలోకి మార్చడం తేలికని ఇలా రాసేను. మన మాటలు ఆళ్ళకి అర్థం కావు కదా?" అంది.

"మీ అమ్మ ఇలాగే మాట్లాడుతుందా?"

నవ్వేసింది. "ఏటే, ఏటి సేత్తన్నావే అంటాది."

"వాళ్ళకి అర్థం చెయ్యడానికి అక్కడ నాలాంటి ఎవరో ఒక మనిషి కష్టపడుతుంది. ఆ కష్టం ఆవిణ్ణి పడనీ. నువ్వు ముందే చప్పగా రాసి పంపితే ఆవిడకి పట్టుకోడానికి ఏం మిగులుతుంది?"

మౌనిక అక్కడే మెట్ల మీద కూర్చుని, రబ్బరు తీసి మొదటి పేజీ నుంచి మాటలు చెరపడం మొదలెట్టింది. బస్సుకి టైమవుతోందని స్నేహితురాళ్ళు పిలుస్తున్నారు. "మీరెల్లిపోండే, నాను తరవాత వత్తాను" అని తలెత్తకుండానే చెప్పింది.